మిరపకాయ ప్రవర

తెనాలిలో మందుల షాపు నడిపే పెద్దాయన ఒకరు, గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే ఆయన తమ్ముడి కూతురు ఒకరు. ఆదివారం మధ్యాహ్నం, బేరాలు పలచబడ్డ వేళ ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది.

పెదనాన్న: ఇదిగో అమ్మాయ్, జ్వరం బిళ్ల. దీని అసలు పేరు నీ పుస్తకంలో చూశాను. ఎన్-(4-హైడ్రాక్సీఫినైల్)ఎసెటమైడ్ అట! జ్వరమొచ్చినవాడు ఈ పేరు నోరు తిరిగి పలికేలోపు జ్వరం దానంతటదే దిగిపోతుంది. మధ్యలో ఆ బ్రాకెట్లేమిటి, అంకెలేమిటి? పేరన్నాక నోటికి కాస్త సుఖం ఉండొద్దూ?

అమ్మాయి: మీరు రోజుకి వందసార్లు పలికే పారాసిటమాల్ కూడా అలాంటి పేరులోంచి కోసిన ముక్కే పెదనాన్నా. ఆ మందుకే పారా-ఎసిటైల్‌అమైనోఫినాల్ అని ఇంకో పేరుంది. ముందున్న పారా, నడుమున్న ఎసెట్, అమ్, చివరున్న ఓల్ తీసి అతికిస్తే పారాసిటమాల్. అమెరికావాళ్లు అదే పేరులోంచి వేరే ముక్కలు కోసుకుని ఎసిటమినోఫెన్ అన్నారు. టైలినాల్ అనే బ్రాండ్ కూడా అందులోదే. ఎసిటైల్‌లోని టైల్, ఫినాల్‌లోని ఇనాల్.

పెదనాన్న: అయితే డాలస్ నుంచి వచ్చే చుట్టాలు సూట్‌కేసులో భద్రంగా మోసుకొచ్చే టైలినాల్, నా అరలో ఉన్న ఈ బిళ్ల ఒకటేనన్నమాట. బాగుంది. కానీ నా మాటకే బలం వచ్చింది చూడు. పొడుగు పేరు ఎవరికీ పనికిరాకే కదా ముక్కలు కోసుకున్నారు. పైగా ఆ పేర్లు జనాన్ని హడలగొడతాయి. పునుగుల పిండిలో వంటసోడా వేశానంటే నాలుగు ఎక్కువ తింటారు. అదే సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ వేశానను, ప్లేటు పక్కన పెట్టేస్తారు.

అమ్మాయి: హడలిపోతారు, నిజమే. 1997లో అమెరికాలోని ఐడహో ఫాల్స్‌లో పద్నాలుగేళ్ల కుర్రాడు సైన్స్ ఫెయిర్ కోసం సరిగ్గా ఇదే పరీక్షించాడు. డైహైడ్రోజన్ మోనాక్సైడ్ అనే పదార్థం ఉంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం తీస్తుంది, ఆవిరి రూపంలో ఒళ్లు కాలుస్తుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, ఆమ్లవర్షంలో ఉంటుంది, దీన్ని నిషేధించాలా అని తోటి విద్యార్థులను అడిగాడు. యాభై మందిలో నలభై ముగ్గురు నిషేధించాలన్నారు.

పెదనాన్న: ఏమిటా పదార్థం?

అమ్మాయి: మంచినీళ్లు. రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. 2004లో కాలిఫోర్నియాలో అలీసో వియెహో అనే ఊరి కౌన్సిల్ కూడా ఇందులో పడబోయింది. ఫోమ్ కప్పుల తయారీలో ఈ ప్రమాదకర పదార్థం వాడుతున్నారని తీర్మానం సిద్ధం చేసుకుని, ఆఖర్న ఎవరో చెప్పాక వెనక్కి తీసుకున్నారు.

పెదనాన్న: చూశావా! నీళ్లని నీళ్లంటే ఎవడూ భయపడేవాడు కాదు.

అమ్మాయి: వాళ్లలో ఒక్కరికి 'డై' అంటే రెండు, 'మోనో' అంటే ఒకటి అని తెలిసినా భయపడేవారు కాదు. ఆ పేరులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకున్నారు కదా, దాని ప్రవర చెప్పనా?

పెదనాన్న: మిరపకాయకి ప్రవరా!

అమ్మాయి: పెళ్లిపీటల మీద చెబుతారే, ఏ ఋషుల సంతతి, ఏ గోత్రం, ఎవరి మునిమనవడు, ఎవరి మనవడు అని. రసాయనం పూర్తి పేరు ఆ ప్రవరే. మిరపలో మంటపుట్టించేది క్యాప్సైసిన్. ప్రవరలో దాని పేరు ఎన్-[(4-హైడ్రాక్సీ-3-మెథాక్సీఫినైల్)మిథైల్]-8-మిథైల్‌నాన్-6-ఎనమైడ్. నవ్వకండి, విప్పుతాను. ఫినైల్ అంటే ఆరు కార్బన్లు చేయీచేయీ పట్టుకున్న వలయం. వలయంలో నాలుగో చోట హైడ్రాక్సీ, అంటే ఒక ఆక్సిజన్, దానికో హైడ్రోజన్. మూడో చోట మెథాక్సీ, అంటే ఆక్సిజన్‌కి తగిలిన ఒక చిన్న కార్బన్. ఇదంతా తల. నాన్ అంటే తొమ్మిది. తొమ్మిది కార్బన్ల తోక. ఆరో కార్బన్ దగ్గర జంట బంధం, ఎనిమిదో కార్బన్ దగ్గర చిన్న కొమ్మ. తలనీ తోకనీ కలిపే ముడి అమైడ్. అంతే. ఈ పేరు చదివి నా విద్యార్థి ఎవరైనా మిరపకాయ చూడకుండానే దాని మంట బొమ్మ గీసేయగలడు.

పెదనాన్న: బొమ్మ గీస్తే నోరు చల్లబడుతుందా?

అమ్మాయి: చల్లబడే దారి ఆ పేరులోనే ఉంది. తొమ్మిది కార్బన్ల తోక అంటే నూనె లక్షణం. నీళ్లలో కరగదు. అందుకే కారం నషాళానికి అంటినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా తగ్గదు. పెరుగన్నం, నెయ్యి, పాలు అయితే తగ్గుతుంది. గుంటూరులో పుట్టిన ప్రతి పిల్లకీ అది తెలుసు, ఎందుకో మాత్రం ఆ తోక చెబుతుంది.

పెదనాన్న: ఊఁ. తల సంగతేమిటి మరి?

అమ్మాయి: అసలు ఆనందమంతా తలలోనే ఉంది. 4-హైడ్రాక్సీ-3-మెథాక్సీఫినైల్ అన్న మాట గుర్తుపెట్టుకుని పెద్దమ్మ వంటింట్లోకి రండి. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ పేరులో 'బిస్' అని ఉంటుంది, రెండు అని అర్థం. ఇదే తల రెండుసార్లు, మధ్యలో ఏడు కార్బన్ల వంతెన. అల్లంలో ఘాటు జింజెరాల్. అదే తల, వేరే తోక. లవంగంలో యూజెనాల్‌కీ అదే తల. అక్కడ లెక్క హైడ్రాక్సీ దగ్గర మొదలవుతుంది కాబట్టి అంకెలు మారతాయి, మనిషి మాత్రం ఆ మనిషే. ఐస్‌క్రీమ్‌లో వేసే వనిల్లా వాసన వనిలిన్. తోకే లేదు, తల మాత్రమే, దానికో ఆల్డిహైడ్. మిరప, పసుపు, అల్లం, లవంగం, వనిల్లా, ఐదూ ఒక్క గోత్రం.

పెదనాన్న: పంటి నొప్పికి నేనిచ్చే లవంగనూనె, గుంటూరు మిరపకాయ ఒక ఇంటివా! పోపులపెట్టెలో ఇన్నేళ్లూ పక్కపక్కన కూర్చుని ఒక్కటీ బయటపడలేదే.

అమ్మాయి: క్యాప్సైసిన్, కర్క్యుమిన్, యూజెనాల్ అని పొట్టి పేర్లతో పిలిచినంతకాలం బయటపడవు.

పెదనాన్న: సరే, నేనూ ఒక పెట్టె తెరుస్తాను. మైలుతుత్తం, పాలతుత్తం, అన్నభేది, పటిక, వెలిగారం, నవాసారం, సురేకారం, ఇంగిలీకం. మా నాన్న చిల్లర కొట్టులో ఇవన్నీ డబ్బాల్లో ఉండేవి. ఎంత ముచ్చటైన మాటలు! ఏ రైతూ తడబడకుండా మైలుతుత్తం ఇవ్వమనేవాడు, సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకుని తోటకి కొట్టుకునేవాడు. కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ అంటేనే మొక్కకి రోగం తగ్గుతుందా?

అమ్మాయి: ఆ మాటలు పోవాలని నేననను. పోనివ్వకూడదు కూడా. కానీ చూడండి, మైలుతుత్తం రాగి సల్ఫేటు, పాలతుత్తం జింకు సల్ఫేటు, అన్నభేది ఇనుము సల్ఫేటు. మొదటి రెండిటికీ తుత్తం అని చుట్టరికం కలిపినవాడు ఎవరో గట్టివాడు. మూడోది విడిపోయింది. ఐరోపావాళ్లు మూడిటినీ నీలం, తెలుపు, ఆకుపచ్చ విట్రియాల్ అన్నారు. అంటే చుట్టరికం కనిపెట్టాలన్న కోరిక ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఆధారం చాలక రంగు పట్టుకున్నారు. రంగు మోసం చేస్తుంది. రుచి ఇంకా మోసం చేస్తుంది. ఐరోపాలో సీసపు చక్కెర అనే పదార్థం ఉండేది. తియ్యగా ఉంటుంది, చక్కెర అన్నారు. అది లెడ్ ఎసిటేట్, విషం.

పెదనాన్న: విషానికి చక్కెర అని పేరు పెడితే ఇంకేముంది!

అమ్మాయి: అందుకే 1787లో పారిస్‌లో నలుగురు కూర్చున్నారు. గీటన్ ద మోర్వో, లవోయిజియే, బెర్తొలే, ఫుర్‌క్రుయా. పదార్థంలో ఏముందో దాని పేరులో అది ఉండాలని నియమం పెట్టి పుస్తకం వేశారు. సల్ఫేట్, కార్బొనేట్ అని మనం ఇవాళ అంటున్నది ఆ పుస్తకం దయే. లవోయిజియేని ఏడేళ్ల తర్వాత విప్లవం గిలొటిన్ ఎక్కించింది. పేర్లు మాత్రం నిలిచాయి. సేంద్రియ పదార్థాల సంగతి తేలడానికి ఇంకో నూరేళ్లు పట్టింది, 1892లో జెనీవా సమావేశం దాకా. అప్పటిదాకా ఎవరికి ఏది తోస్తే అది. మేక వాసనొచ్చే ఆమ్లాలు మూడు దొరికితే మూడిటికీ లాటిన్‌లో మేక పేరే పెట్టారు, కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని. ఏది ఏదో చెప్పగలరా? ఇప్పుడు వాటి పేర్లు హెక్సనోయిక్, ఆక్టనోయిక్, డెకనోయిక్. ఆరు, ఎనిమిది, పది కార్బన్లు. మా పిల్లలు కంఠస్థం చెయ్యకుండానే చెబుతారు.

పెదనాన్న: నీ పిల్లలు చెబుతారు సరే, నీ శాస్త్రవేత్తలు ఆ పేర్లు నోటితో పలుకుతారా? ఎనిమిది కార్బన్లతో ఘనాకారంలో అణువు చేశారట, 1964లో. నిబంధనల పేరు పెంటాసైక్లో అని మొదలై బ్రాకెట్లో సున్నాలు, చుక్కలు దాటుకుంటూ ఆక్టేన్ దగ్గర ఆగుతుంది. చేసినవాళ్లే హాయిగా క్యూబేన్ అనుకున్నారు. ఇంకొకటి ఉంది, 3,4,4,5-టెట్రామిథైల్ అని ఏదో. కాగితం మీద గీస్తే పెంగ్విన్ పక్షిలా ఉందని పెంగ్వినోన్ అన్నారు. మన కండరాల్లో ఉండే టైటిన్ అనే ప్రొటీన్‌కి నీ ప్రవర ప్రకారం పేరు రాస్తే ఇంగ్లీషులో 1,89,819 అక్షరాలట! మిథియోనిల్ అని ఎత్తుకుంటే ఐసోల్యూసిన్ దగ్గర దించేసరికి పెళ్లి విందు కూడా అయిపోతుంది.

అమ్మాయి: టైటిన్ దగ్గర నేను వాదించను. ముప్ఫైవేలకు పైగా ఎమైనో ఆమ్లాలను దండ గుచ్చినట్టు రాస్తే వచ్చిన పేరది. దాన్ని ఏ రసాయనవేత్తా పేరుగా వాడడు. ప్రొటీన్లకు పొట్టి పేరే సరైన పద్ధతి.

పెదనాన్న: జీడిమెట్ల బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల్లో కూడా అంతే. మన మేనల్లుడు చెబుతుంటాడు, అక్కడ అందరూ ఎండీసీ, టీహెచ్ఎఫ్, ఐపీఏ అంటారని. షిఫ్టులో ఉన్నవాడికి మిథిలీన్ డైక్లోరైడ్ అనే తీరిక ఎక్కడిది?

అమ్మాయి: నోటితో ఎలాగైనా అనుకోమనండి. డ్రమ్ము మీద మాత్రం పూర్తి పేరుండాలి. ఒక్క అక్షరం జారితే మనుషులు పోతారు. ఇథనాల్, మిథనాల్. ఒక కార్బన్ తేడా, అంతే. ఇథనాల్ సారాలో ఉండేది. మిథనాల్ పరిశ్రమల్లో వాడేది. కడుపులోకి పోయిన మిథనాల్‌ని కాలేయం ఫార్మాల్డిహైడ్‌గా, ఆ పైన ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఫార్మిక్ ఆమ్లం చీమ కుట్టినప్పుడు మంటపెట్టేదే, పేరు కూడా లాటిన్ చీమే. అది కంటినరాన్ని దెబ్బతీస్తుంది. కల్తీ సారా తాగి చూపుపోయిందని పేపర్లో వస్తుందే, అది ఇదే.

పెదనాన్న: తాగేవాడు డ్రమ్ము చదివి తాగాడా? కలిపినవాడికి అందులో ఏముందో తెలుసు, తెలిసే కలిపాడు. నీ పేరు ఎవర్ని కాపాడింది? 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో బయటికొచ్చింది మిథైల్ ఐసోసైనేట్. ఫ్యాక్టరీ లెక్కల్లో పేరు అక్షరం తప్పు లేకుండా ఉండే ఉంటుంది. ఆ రాత్రి కళ్లు మండి పరిగెత్తినవాళ్లకి తెలుసా ఆ పేరు? ఆస్పత్రిలో డాక్టర్లకే ఏ విషానికి వైద్యం చేస్తున్నామో తేలలేదు. పేరు పెట్టడం గొప్ప కాదమ్మా, ఎవరికి చెప్పారన్నదే నాకు కావాలి.

అమ్మాయి: అది ఒప్పుకుంటాను. కానీ చెప్పాలంటే ముందు ఒక పేరు ఖాయంగా ఉండాలి కదా.

పెదనాన్న: నా వ్యాపారంలో నాకు నిద్రపట్టనివ్వని పేరొకటి ఉంది, విను. డైఇథిలీన్ గ్లైకాల్. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు, దానివల్ల ప్రమాదం లేదు. డైఇథిలీన్ గ్లైకాల్ చూడటానికి అలాగే ఉంటుంది, తియ్యగానే ఉంటుంది, మూత్రపిండాలను చంపేస్తుంది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ మందును అందులో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది వాళ్లు కొత్త చట్టమే తెచ్చుకున్నారు. మనమేం చేశాం? 2022లో గాంబియాలో అరవైమందికి పైగా పసిపిల్లల మరణాలకు మన దేశంలో తయారైన సిరప్‌లతో సంబంధం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. వాటిలో దొరికిందీ ఇదే. ఇప్పుడు చెప్పు, సీసా మీద ఆ పేరు రాస్తాడా కలిపినవాడు? నేను ఎంత చదివితే మాత్రం ఏం లాభం?

అమ్మాయి: సీసా మీద రాయడు. ల్యాబ్‌కి పంపేటప్పుడు మాత్రం ఆ పేరు రాయకుండా కుదరదు. గ్లైకాల్ ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు, ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంది కాబట్టి. ఏ గ్లైకాల్ అన్నదే ప్రాణం. ముందున్న ఆ రెండు ముక్కలు మీకు దండగ అనిపిస్తున్నాయి, ఆ పసివాళ్లకీ చావుకీ మధ్య అడ్డంగా నిలబడాల్సినవి అవే.

పెదనాన్న: అయితే జనానికి నోరు తిరగాలి, లోపల ఏముందో తెలియాలి. రెండూ ఒకేసారి ఎలా వస్తాయి?

అమ్మాయి: మందుల్లో కొంతవరకు వచ్చాయి. మీ అరలోనే చూడండి. ఎటినోలాల్, మెటోప్రొలాల్. చివర ఓలాల్ ఉంటే ఒక కుటుంబం. టెల్మిసార్టాన్, లోసార్టాన్ బీపీకి ఇచ్చే ఇంకో కుటుంబం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గించేవి. 1953 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పేర్ల జాబితాలు వేస్తోంది. పొట్టిగా ఉంటాయి, గోత్రం మాత్రం చెరిగిపోదు. బోదకాలుకి ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర ఉందే, డైఇథైల్‌కార్బమజీన్. రెండు ఇథైళ్లు, ఒక కార్బన్ ముడి, పైపరజీన్ అనే వలయం. ఆ మందు మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది. భీమవరంలో పుట్టినాయన వెతికిన మందు గోదావరి జిల్లాల బోదకాళ్లకి తిరిగొచ్చింది. ఆయన పేరు మాత్ర మీద లేదు, మందు కట్టుబడి మాత్రం మందు పేరులో పదిలంగా ఉంది.

పెదనాన్న: సుబ్బారావుగారి ఊసెత్తావు, ఇక నేనేమనను! గర్భిణులకిచ్చే ఫోలిక్ యాసిడ్‌ని కూడా ఆయన బృందమే ప్రయోగశాలలో తయారుచేసిందని చదివాను. సరే, కానీ జనం మాటేమిటి? నా దగ్గరికొచ్చి ఓలాల్, సార్టాన్ అని ఎవరూ అడగరు. బ్రాండ్ అడుగుతారు, లేకపోతే ఆ గులాబీ రంగు బిళ్ల అంటారు.

అమ్మాయి: ప్రమాదం అక్కడే ఉంది. జ్వరానికి ఒక బ్రాండ్ 650, జలుబుకి ఇంకో బ్రాండ్, ఒళ్లునొప్పులకి కాంబిఫ్లామ్. ఇచ్చేది మూడు పేర్లతో, మూడిటిలోనూ పారాసిటమాల్. జలుబు బిళ్లల్లో చాలావాటిలో అది ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేసుకుంటేనే అంచుకొచ్చేస్తారు. పైన ఈ రెండూ తోడైతే కాలేయం ఏమవుతుంది? వేసుకునేవాడు మాత్రం మూడు వేర్వేరు మందులనుకుంటాడు. మీ పొట్టి, తీపి, సులువైన పేర్లే అతనికి ఆ సంగతి దాచిపెట్టాయి.

పెదనాన్న: నేను చెబుతాననుకో. సాయంత్రం రద్దీలో అందరికీ చెప్పలేను. అట్ట వెనకాల రాసి ఉంటుంది.

అమ్మాయి: ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో. మీరు కాగితం కవర్ మీద పొద్దున, రాత్రి అని గీతలు పెడతారు కదా, పక్కనే లోపలున్న మందు పేరు తెలుగులో రాయండి. హైడ్రాక్సీఫినైల్ అక్కర్లేదు. పారాసిటమాల్ అంటే చాలు.

పెదనాన్న: ఒక్కొక్క కవర్ మీద రాస్తూ కూర్చుంటే లైను రోడ్డు మీదికెళ్తుంది. రబ్బరు స్టాంపు చేయిస్తాను. ఇందులో పారాసిటమాల్ ఉంది, ఇదే ఉన్న ఇంకో మాత్ర కలిపి వేసుకోవద్దు అని. రెండు లైన్లు.

అమ్మాయి: సిరప్ సీసాలకి?

పెదనాన్న: సీసాకి స్టాంపు అంటదు, స్టిక్కర్ కొట్టించాలి. సిరప్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. పిల్లల జ్వరం సిరప్ 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 ది ఒకటి వస్తాయి. మందు అదే, పేరు అదే, బలం రెట్టింపు. తల్లి పోయిన నెల సీసా మూతతో ఈ నెల సీసా కొలుస్తుంది. నీ ప్రవరలో ఆ ముక్క ఎక్కడుంది?

అమ్మాయి: లేదు. ఎంత పొడుగు పేరైనా ఆ ముక్క చెప్పదు. స్టిక్కర్ మీద పేరు పక్కనే అంకె కూడా పెద్దగా వెయ్యాలి.

పెదనాన్న: అయితే స్టాంపు తర్వాత. ఆ స్టూలెక్కి పై అరలో పిల్లల సీసాలు దించు, 125లు ఒకవైపు, 250లు ఒకవైపు.